మన చేనికి ఎంత ట్రాక్టరు కావాలి?

చిత్త కార్తె వాన కురిసి మూడు రోజులైంది. నెల్లూరు జిల్లా అనుమసముద్రంపేట శివార్లలో ఒక మెట్ట చేలో పెద్దాయన వంగి గుప్పెడు ఎర్రమట్టి తీసుకున్నాడు. దాన్ని ముద్ద చేసి నడుమెత్తు నుంచి వదిలాడు. నేలకు తగలగానే ముద్ద పొడిపొడిగా విచ్చుకుంది.

"పదునొచ్చింది అబ్బయ్యా. రేపో ఎల్లుండో తోలాల. ఆ పైన బిగుసుకుపోతాది" అన్నాడు.

ఆయనది ఐదెకరాల సేద్యం. మూడెకరాలు మెట్ట, ఎకరంన్నర నిమ్మతోట, చెరువు కింద అరెకరం మడి. అద్దె ట్రాక్టరు కోసం రెండు రోజులుగా ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఊరంతటికీ ఒకేసారి పదునొస్తుంది, అందరికీ అదే ట్రాక్టరు కావాలి. విసిగిపోయి, "సొంతానికి ఒకటి కొందామనుకుంటా ఉండా. ఎంత పెద్దది కొనమంటావు?" అని అడిగాడు.

"దాని సంగతి లెక్క చూసి చెప్తాను మామా" అన్నాను. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతాల్లో ఇప్పుడు ఇంటింటా వినిపిస్తున్న ప్రశ్న ఇదే. పక్కచేను వాళ్లకు 45 హెచ్‌పీ ఉంది కాబట్టి మనకూ అంతే ఉండాలని కొందరు, చిన్నదైతే చవక కదా అని కొందరు కొనేస్తున్నారు. ఈ రెండూ సరైన లెక్కలు కావు. మన చేనికి ఎంత ట్రాక్టరు కావాలో మన నేల, మన పదును, మన సాళ్లే చెబుతాయి. వాటిని అడిగి తెలుసుకోవడానికి కూడికలు, గుణకారాలు వస్తే చాలు.

ఒక హార్స్‌పవర్ అంటే ఒక కాడి

సెకనుకు ఒక మీటరు చొప్పున 75 కిలోల బరువును పైకి లేపగలిగితే ఆ శక్తిని ఒక హార్స్‌పవర్ అంటారు. పేరులో గుర్రం ఉన్నా మన కొలతకు ఎద్దులే దగ్గర. అర టన్ను బరువున్న ఒంగోలు ఎద్దు తన బరువులో సుమారు పదో వంతు, అంటే 50 కిలోల లాగుడును గంటల తరబడి నిలబెట్టగలదు. జత కలిస్తే 100 కిలోలు. మడక కట్టినప్పుడు అవి సెకనుకు ముప్పావు మీటరు నడుస్తాయి. వందను ముప్పావుతో గుణిస్తే వచ్చేది 75. అంటే ఒక కాడి ఎద్దులు, ఒక హెచ్‌పీ.

జానెడు వెడల్పు సాలు, అంటే 20 సెంటీమీటర్లు తీసుకుంటూ ఒక ఎకరం దున్నాలంటే ఎద్దులూ మనిషీ 20 కిలోమీటర్లు నడవాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సరిపోయే పని అది. మూడెకరాలు అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి దున్నడానికి ఆరు రోజులు పట్టేది. ఎర్ర నేలలో పదును మూడు, నాలుగు రోజులే నిలుస్తుంది. ఆ తేడాను పూడ్చడానికే ట్రాక్టరు అవసరమైంది.

నెల్లూరు జిల్లాకు ప్రధానంగా వాన తెచ్చేవి ఈశాన్య రుతుపవనాలు. అక్టోబరు, నవంబరుల్లో చిత్త, స్వాతి, విశాఖ కార్తెల్లో పడే వానల మధ్య దొరికే కొద్ది రోజుల పదునులోనే దుక్కి, విత్తనం, పొగాకు నాట్లు అన్నీ సాగాలి. అందుకని ట్రాక్టరు పరిమాణం తేల్చేటప్పుడు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న 'ఎన్ని ఎకరాలు' అని కాదు. 'ఎన్ని ఎకరాలు, ఎన్ని రోజుల్లో' అని.

గంటకు ఎంత తోలుతుంది?

పనిముట్టు వెడల్పును వేగంతో గుణించి, అందులో మలుపులకు పోయేది తీసేస్తే గంటకు తోలే విస్తీర్ణం వస్తుంది.

చిన్న ట్రాక్టరు వెనక ఐదు పళ్ల గొర్రు వెడల్పు సుమారు 1.1 మీటర్లు. గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో తోలితే 5,500 చదరపు మీటర్లు. మన చిన్న కయ్యల్లో గట్టు దగ్గరకు వెళ్లి మళ్లడానికే మూడో వంతు దాకా సమయం పోతుంది. 30 శాతం తీసేస్తే మిగిలేది 3,850 చదరపు మీటర్లు. అంటే గంటకు దాదాపు 95 సెంట్లు.

పెద్ద ట్రాక్టరు వెనక తొమ్మిది పళ్ల గొర్రు రెండు మీటర్లు ఉంటుంది. అదే లెక్కన గంటకు ఎకరం 70 సెంట్లకు పైగా తోలుతుంది.

ఇప్పుడు పెద్దాయన మూడెకరాల మెట్టను అడ్డంగా, నిలువుగా తోలి చూద్దాం. చిన్నదానికి ఆరున్నర గంటలు, పెద్దదానికి మూడున్నర గంటలు. రెండూ ఒక్కరోజులోనే పూర్తవుతాయి. పదును మూడు రోజులున్నప్పుడు మూడు గంటల ఆదా కోసం లక్షలు ఎక్కువ పెట్టడం దండగ. ఇరవై ఎకరాలున్న రైతుకు ఇదే లెక్క వేస్తే జవాబు మారిపోతుంది. అక్కడ వెడల్పు అవసరమే.

లాగే పనికి బరువు, తిప్పే పనికి హెచ్‌పీ

కొనేటప్పుడు ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బానెట్ మీద రాసిన అంకె ఇంజను శక్తి. ఆ శక్తి గొర్రు దగ్గరకు చేరాలంటే గేర్లు దాటాలి, చక్రాలు దాటాలి, చివరికి టైరు నేలను పట్టుకోవాలి. దున్నిన నేలలో ఇంజను శక్తిలో 60 శాతం గొర్రుకు చేరితే బాగా చేరినట్టే.

లెక్క చూద్దాం. నాలుగు అంగుళాల లోతులో పోయే ఒక్కో పంటికి పదునున్న ఎర్ర గరప నేలలో సుమారు 40 కిలోల లాగుడు పడుతుంది. అదే రేగడిలో 60 కిలోలు. ఐదు పళ్లకు ఎర్ర నేలలో 200 కిలోలు, రేగడిలో 300 కిలోలు. గంటకు ఐదు కిలోమీటర్లంటే సెకనుకు 1.4 మీటర్లు. మూడు వందలను 1.4తో గుణించి 75తో భాగిస్తే ఐదున్నర హెచ్‌పీ. మధ్యలో పోయే నష్టాన్ని కలుపుకుంటే ఇంజను దగ్గర తొమ్మిది హెచ్‌పీ. ఎగుడుదిగుళ్లకు కొంత మిగులు ఉంచుకున్నా 12 హెచ్‌పీ చాలు.

అలాగైతే 15 హెచ్‌పీ ట్రాక్టరు రేగడిలో ఐదు పళ్లను అవలీలగా లాగాలి కదా? లాగదు. ఇంజను ఆగిపోదు, చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. కారణం బరువు. నేలను టైరు ఎంత బలంగా నొక్కితే అంత పట్టు. దున్నిన నేలలో ఇంజను తిప్పే చక్రాల మీదున్న బరువులో సుమారు 45 శాతమే లాగుడుగా మారుతుంది.

800 కిలోల చిన్న ట్రాక్టరు తీసుకోండి. అందులో 60 శాతం, అంటే 480 కిలోలు వెనక చక్రాల మీద ఉంటుంది. లాగగలిగేది 215 కిలోలు. ఎర్ర నేలలో ఐదు పళ్లకు కావాల్సింది 200 కాబట్టి గట్టెక్కుతుంది. రేగడిలో కావాల్సిన 300 దాని వల్ల కాదు. అదే వెయ్యి కిలోల ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరు అయితే నాలుగు చక్రాలూ లాగుతాయి కాబట్టి మొత్తం బరువు పనికొస్తుంది, 450 కిలోలు లాగుతుంది. అంటే రేగడిలో ఐదు పళ్లే కాదు, ఏడు పళ్లూ లాగగలదు. ఇక రెండు టన్నుల 45 హెచ్‌పీ టూ వీల్ డ్రైవ్ వెనక చక్రాల మీద 1,200 కిలోలు ఉంటే 540 కిలోలు లాగుతుంది. రేగడిలో తొమ్మిది పళ్లకు కావాల్సింది సరిగ్గా అంతే. ఆ గొర్రుకు ఆ ట్రాక్టరు జత కుదరడం వెనక ఉన్న లెక్క ఇదే.

రోటవేటర్ సంగతి వేరు. దాని కత్తులు ఇంజను శక్తితోనే, ట్రాక్టరు వెనక తిరిగే పీటీఓ షాఫ్టు ద్వారా తిరుగుతాయి, నేలను చీల్చుతూ ట్రాక్టరును వెనక నుంచి ముందుకు నెడతాయి. ఇక్కడ లాగుడు తక్కువ కాబట్టి బరువు కన్నా హెచ్‌పీ ముఖ్యం. స్థూలంగా అడుగు వెడల్పుకు ఏడెనిమిది హెచ్‌పీ వేసుకోవాలి. మూడడుగుల రోటవేటర్‌కు 20 పైన, ఐదడుగులదానికి 40 దగ్గర. ఇంజను శక్తిలో 85 శాతం వరకే పీటీఓకు చేరుతుంది కాబట్టి కొనేటప్పుడు ఇంజను హెచ్‌పీతో పాటు పీటీఓ హెచ్‌పీ కూడా అడగాలి.

చిన్న ట్రాక్టరుకు బలం ఇచ్చిన మూడు చేతులు

గొర్రు తగిలించే చోట కిందా పైనా కలిపి మూడు కడ్డీలుంటాయి. ఇవి ఐర్లండుకు చెందిన హ్యారీ ఫెర్గూసన్ సృష్టి. అంతకుముందు ట్రాక్టరుకు మడకను వెనకాల కట్టి ఈడ్చేవారు. మడక రాయికి తగిలితే ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేచి, డ్రైవరు మీదికే తిరగబడేది. అందుకే ట్రాక్టర్లను మరీ బరువుగా తయారు చేసేవారు. ఫెర్గూసన్ మూడు కడ్డీలతో మడకను ట్రాక్టరులో భాగం చేశాడు. నేల మడకను కిందికి లాగే బలం ఈ కడ్డీల ద్వారా వెనక చక్రాల మీదికి బరువుగా వచ్చి చేరుతుంది. లోతుకు పోయేకొద్దీ పట్టు పెరుగుతుంది, హైడ్రాలిక్ లిఫ్టు లోతును అదుపులో ఉంచుతుంది. 1939లో వచ్చిన ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరుతో ఇది ప్రపంచమంతా పాకింది. తేలికపాటి ట్రాక్టరు కూడా గట్టి పని చేయగలగడం అప్పుడే మొదలైంది.

మన దేశంలో చిన్న రైతును దృష్టిలో పెట్టుకుని దుర్గాపూర్‌లోని కేంద్ర మెకానికల్ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన నమూనా 1974లో 'స్వరాజ్' పేరుతో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు 15 హెచ్‌పీ మహీంద్రా యువరాజ్, 18.5 హెచ్‌పీ వీఎస్‌టీ శక్తి, 24 హెచ్‌పీ జీవో, కుబోటా నియోస్టార్ లాంటి చిన్న ట్రాక్టర్లు దొరుకుతున్నాయి. 2023 ఆగస్టులో వచ్చిన తేలికపాటి ఫోర్ వీల్ డ్రైవ్ 'ఓజా' ట్రాక్టర్లు మన తెలుగు నేల మీద జహీరాబాద్‌లోనే తయారవుతున్నాయి.

నిమ్మతోటలో, మడిలో

నిమ్మచెట్లను ఇరవై అడుగుల ఎడంతో నాటుతారు. ఎదిగిన చెట్టు కొమ్మలు రెండు వైపుల నుంచీ ఏడేసి అడుగులు చాస్తే మధ్యలో మిగిలేది ఆరడుగులు. పెద్ద ట్రాక్టరు వెడల్పే దాదాపు ఆరడుగులు. కొమ్మలు విరుగుతాయి, కాయ రాలుతుంది, ముళ్లు డ్రైవరును చీరేస్తాయి. మూడున్నర నుంచి నాలుగడుగుల చిన్న ట్రాక్టరు హాయిగా దూరిపోతుంది. పైగా నిమ్మకు ఆహారం అందించే సన్నవేళ్లు నేల పైపొరలోనే ఉంటాయి. అక్కడ లోతు దుక్కి మేలు చేయకపోగా వేళ్లను తెంపుతుంది. మూడు, నాలుగు అంగుళాల పైపాటు చాలు, దానికి పెద్ద ట్రాక్టరుతో పనిలేదు.

పొగాకు, కంది సాళ్ల మధ్య పాటు చేయాలన్నా ఇదే మాట. టైర్ల మధ్య ఎడాన్ని సాళ్లకు తగ్గట్టు సర్దుకునే వీలుందా, మొక్క తలకు తగలకుండా ట్రాక్టరు అడుగున ఎంత ఎత్తుంది, ఈ రెండూ టేపు పెట్టి కొలవండి.

మడిలో దమ్ము చేసేటప్పుడు బరువు శత్రువవుతుంది. మెట్టలో పట్టు ఇచ్చిన రెండు టన్నులే అడుసులో దిగబడతాయి. ఇనుప చక్రాలు కట్టిన తేలిక ట్రాక్టరు పైపైన తేలుతూ పోతుంది. వరి మడి మాత్రమే ఉన్నవాళ్లకు పవర్ టిల్లర్ కూడా సరిపోతుంది.

బరువు గురించి ఇంకో మాట. నేల తడిగా ఉన్నప్పుడే తోలితే, ఏటా అదే లోతులో రోటవేటర్ తిప్పితే, దుక్కి అడుగున గట్టిపొర కడుతుంది. వేరు ఆ పొర దాటలేదు, వాన నీరు ఇంకదు. టైరులో గాలి తగ్గించి పైపొరను కాపాడుకోవచ్చు గాని, లోతు పొర బిగిసేది ఇరుసు మీదున్న మొత్తం బరువుతోనే. వాననీటి మీద బతికే మెట్ట నేలకు అవసరానికి మించిన ట్రాక్టరు ఈ రకంగా కూడా నష్టమే.

డీజిలు, అద్దె, అప్పు

చిన్న ట్రాక్టరు డీజిలు తక్కువ తాగుతుందనేది సగమే నిజం. డీజిలు ఇంజను ఒక హెచ్‌పీని గంటసేపు ఇవ్వడానికి దాదాపు పావు లీటరు కాలుస్తుంది. ఎకరం నేలను తిరగేయడానికి కావాల్సిన శక్తిని నిర్ణయించేది నేల. కాబట్టి రెండింటికీ తగిన పనిముట్టు తగిలిస్తే ఎకరానికి అయ్యే డీజిలు ఇంచుమించు ఒకటే. పెద్ద ట్రాక్టరుకు చిన్న పనిముట్టు తగిలించి ఖాళీగా తిప్పితేనే వృథా. ఐదెకరాల చేలో ఎక్కువగా జరిగేది మాత్రం అదే.

అసలు భారం డీజిలు కాదు, ట్రాక్టరు కదలకుండా నిలబడినా పెరిగే ఖర్చు. ఉదాహరణకు పనిముట్లతో కలిపి ఐదు లక్షలకు కొన్నారనుకోండి. పదేళ్ల తర్వాత లక్షకు అమ్ముడైతే ఏటా తరుగు 40 వేలు. సగటున మూడు లక్షల మీద పది శాతం వడ్డీ 30 వేలు. బీమా, చిల్లర ఖర్చులు పది వేలు. మొత్తం 80 వేలు. మెట్ట దుక్కులు, నిమ్మలో పాట్లు, మందు పిచికారీ, దమ్ము, ట్రాలీ తోలకం అన్నీ కలిపినా పెద్దాయన చేలో ఏడాదికి 70 గంటలకు మించి పని ఉండదు. అంటే డీజిలు పోయకముందే గంటకు 1,140 రూపాయలు. ఈ అంకెను మీ ఊరి అద్దెతో పోల్చి చూడండి.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు, అంటే రెండెకరాల ముప్పై రెండు సెంట్లు. ఇంత నేలకు ఎవరికి వారు ట్రాక్టరు కొంటే గిట్టదు. కానీ నలుగురు కలిస్తే ఈ లెక్క తలకిందులవుతుంది. పెద్దాయన లాంటి నలుగురు రైతులకు ఏడాదికి 280 గంటల పని ఉంటుంది. అప్పుడు గంటకు పడేది 285 రూపాయలే. మరి పదును దాటిపోదా? నలుగురికీ కలిపి 12 ఎకరాల మెట్ట. గంటకు 95 సెంట్ల చొప్పున రెండు సార్లు తోలడానికి 25 గంటలు. అంటే మూడు రోజుల పని. ఎర్ర నేలలో పదును నిలిచేదీ అంతే. ఒక చిన్న ట్రాక్టరు సరిగ్గా నాలుగు ఐదెకరాల చేలకు సరిపోతుంది.

కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యాంత్రీకరణ పథకంలో చిన్న, సన్నకారు, మహిళా, ఎస్సీ, ఎస్టీ రైతులకు 50 శాతం వరకు, మిగతావారికి 40 శాతం వరకు రాయితీకి వీలుంది. రైతు బృందాల అద్దె యంత్ర కేంద్రాలకూ సాయం ఉంది. ఈ ఏడు మీ మండలంలో ఏం అందుబాటులో ఉందో వ్యవసాయ శాఖ కార్యాలయంలో కనుక్కోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది, బేరంలో ఆ తగ్గింపు మీ బిల్లులో కనిపించాలి. నడపడం, మరమ్మతు నేర్చుకోవాలనుకునే యువతకు అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ శిక్షణ సంస్థ ఉంది.

సంతకం పెట్టేముందు ఒక పరీక్ష

ట్రాక్టరును షోరూములో కాదు, మీ చేలో చూడండి. పదునున్న రోజున, మీ చేలో అన్నిటికంటే గట్టి జాగాకు తెప్పించండి. వెనక టైరు మీద సుద్దముక్కతో గీత గీయండి. గొర్రు పైకెత్తి, చక్రం పది చుట్లు తిరిగేలోపు ఎంత దూరం పోయిందో అడుగులతో కొలవండి. తర్వాత గొర్రు దించి, మీకు కావాల్సిన లోతులో దున్నుతూ మళ్లీ పది చుట్లు కొలవండి. మొదటిసారి వంద అడుగులు పోయి రెండోసారి 85 నుంచి 90 అడుగులు పోతే జత కుదిరినట్టు. 75 దాటకపోతే ఆ నేలకు ఆ ట్రాక్టరు బరువు చాలదు. టైర్లలో నీళ్లు పట్టించి చూడాలి, లేదా ఫోర్ వీల్ డ్రైవ్‌కు పోవాలి. 100కు 97 పోతే మీరు అవసరానికి మించిన బరువుకు డబ్బు కడుతున్నట్టు.

ప్రాణానికి సంబంధించిన మాటలు మూడు. ట్రాక్టరు మరణాల్లో ఎక్కువ భాగం బోల్తాపడడం వల్లే. సన్నటి ట్రాక్టరు తోటలో ఎంత వీలుగా ఉంటుందో, ఉదయగిరి వైపు వాలుచేలల్లో, గట్లు దాటేటప్పుడు అంత తొందరగా ఒరుగుతుంది. చిన్న ట్రాక్టరుకు పెద్ద ట్రాలీ తగిలించకండి. ఎక్కుడులో లాగినా, దిగుడులో వెనక నుంచి నెట్టే బరువును దాని బ్రేకులు ఆపలేవు. పీటీఓ షాఫ్టు మీద తొడుగు లేకుండా ఎప్పుడూ నడపకండి. పంచె కొంగును, చీర చెంగును అది రెప్పపాటులో చుట్టేస్తుంది.

మూడెకరాల లోపు నేల ఉన్నవాళ్లు ఒంటరిగా కొనకండి. ఎర్ర నేల, తోట కలిసి నాలుగు నుంచి ఎనిమిది ఎకరాలుంటే 18 నుంచి 25 హెచ్‌పీ చాలు. రేగడి, మడి కూడా ఉంటే అందులో ఫోర్ వీల్ డ్రైవ్ తీసుకోండి. పది, పదిహేను ఎకరాలకు 28 నుంచి 35 హెచ్‌పీ. 40 దాటేది ఇరవై ఎకరాలున్నప్పుడు, లేదా అద్దెకు తిప్పే ఆలోచన ఉన్నప్పుడే.

పెద్దాయనకు చెప్పింది ఇదే. "24 హెచ్‌పీ ఫోర్ వీల్ డ్రైవ్, ఐదు పళ్ల గొర్రు, మూడడుగుల రోటవేటర్ తీసుకో మామా. అయితే ఒక్కడివే కొనొద్దు. గట్టు పక్కన ఉన్న ముగ్గురినీ కూర్చోబెట్టి మాట్లాడు." మీరు కూడా కొనే ఆలోచనలో ఉంటే ఈ స్వాతి కార్తె వానకు ముందే మీ గట్టు పక్క రైతుతో ఆ మాట కదపండి.